అడగకుండా చెరిపిన పెట్టె

కంపెనీవాళ్ళు పంపిన నివేదికలో ఆఖరి వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "పాలసీ నిర్దేశించినట్టే పనిచేసింది" అని ఉంది అందులో. అబద్ధమేమీ కాదు. నిర్దేశించినట్టే పనిచేసింది, మా నాయన జన్మంతా కూర్చుని గీసిన చీర అంచులన్నీ నిర్దేశించినట్టే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ వాక్యం రాసినవాడు ఆ పూట కడుపునిండా అన్నం తిని ఉంటాడు. నాకు మంటెత్తేది అక్కడే.

మా నాయన ధర్మవరంలో డిజైన్ మేస్త్రీ. పట్టుచీర అంచులో హంస కావాలన్నా రుద్రాక్ష కావాలన్నా ముందు దాన్ని గళ్ళ కాగితం మీద వేయాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ గళ్ళను చూసుకుంటూ మందపాటి అట్టలకు బెజ్జాలు కొట్టి, ఆ అట్టలను దండలా కుట్టి, మగ్గం మీద పోగులు లేపే జాకార్డు పెట్టెకు తగిలిస్తే అప్పుడు బట్టలో హంస లేస్తుంది. గడి ఒకటి తప్పితే హంస ముక్కు వంకర పోతుంది. షావుకార్లు వచ్చి "ఏముందప్పా దీంట్లో, గళ్ళు నింపేదేగదా" అనేవాళ్ళు. మా నాయన నవ్వి "అంతేనన్నా, గళ్ళు నింపేదే" అనేవాడు. ఆయనకు రోషం తక్కువ. ఆ వాటా కూడా నాకే వచ్చినట్టుంది.

డిజైన్ ఒకటి బయటికి పొక్కిందంటే వారం తిరక్కముందే ఊళ్ళో సగం మగ్గాలు దాన్నే నేస్తాయి. అందుకని మేస్త్రీలు పని అయిపోయిన గళ్ళ కాగితాలను ఉంచేవాళ్ళు కాదు. కొందరు పొయ్యిలో పెట్టేవాళ్ళు. మా అమ్మ వాటిని మెంతులతో కలిపి నానబెట్టి, రోట్లో దంచి, బోర్లించిన బిందె మీద మెత్తి గంపలు చేసేది. బియ్యం పోసుకునే గంప పక్కన వేలు పెట్టి చూస్తే నాయన వాడిన ఎర్ర పెన్సిలు రంగు కనబడేది. అట్టలు మాత్రం అటక మీద ఉండేవి, చెదలు తినేదాకా.

అనంతపురంలో పాలిటెక్నిక్ చదివి నేను ఇంటికొచ్చిన రోజుల్లో ఊళ్ళో నేతవాళ్ళ కోసం డిజైన్ సెంటరు ఒకటి తెరిచారు. కంప్యూటర్‌లో గీస్తే అట్టలకు బెజ్జాలు మిషనే కొడుతుంది. పనంతా ఒక సర్వర్ మీద నడిచేది. గీసే సాఫ్ట్‌వేర్ అందులోనే, గీసిన డిజైన్లూ అందులోనే. మా టేబుళ్ళ మీదున్నవి వట్టి తెరలు. నాకు అందులో ఆపరేటర్ ఉద్యోగం, నాయనకు సలహాదారు అనే పేరూ చేతుల కుర్చీ ఒకటీ ఇచ్చారు. మిగిలిన అట్టలనూ, అమ్మ చేతికి చిక్కని కాగితాలనూ నాయన మోసుకొచ్చాడు. అన్నీ స్కాన్ చేసి, గడి గడీ సరిచూసి ఎక్కించాం. ఎక్కించాక ఆ కాగితాలు గంపలైపోయాయి, అట్టలు వేణ్ణీళ్ళ పొయ్యిలోకి పోయాయి. పాత అలవాటు. పైగా ఇప్పుడు కంప్యూటర్‌లో ఉన్నాయి కదా!

సర్వర్ పెట్టడానికి బెంగళూరు నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. సగం కన్నడం, సగం తెలుగు. "మీ సర్వర్‌లో రెయిడ్ చేసినాం" అని అతను అనగానే మా మేనేజరు ముఖం పాలిపోయింది. మా ఊళ్ళో రెయిడ్ అంటే టాక్సువాళ్ళు పట్టు షాపుల మీద పడడమే. ఇంజినీరు నవ్వి, సర్వర్ ముందు భాగంలో వరసగా ఉన్న డిస్కులు చూపించాడు. విడివిడిగా కనిపిస్తాయి గానీ లోపల వాటన్నిటినీ కలిపి ఒకటిగా కట్టారట. రాసే ప్రతిదాన్నీ రెండు చోట్ల రాస్తుందట. ఒక డిస్కు చచ్చినా దాని జతగాడి దగ్గర నకలు ఉంటుంది.

ఇంత వరకూ బాగానే ఉంది. అసలు గొప్ప ఇంకొకటుందని చెప్పాడు. ఈ కట్టడం ఇక మనుషులు చేయనక్కర్లేదు, దానికొక పాలసీ రాసిపెట్టామన్నాడు. సర్వర్ ఆన్ చేసిన ప్రతిసారీ అది తన డిస్కులను తానే చూసుకుంటుంది. పొందిక రాసిచ్చినట్టే ఉంటే సరేసరి. లేదంటే ఇదేదో కొత్త సర్వర్ అనుకుని, డిస్కులను శుభ్రం చేసి, పాలసీ ప్రకారం మళ్ళీ కొత్తగా కట్టుకుంటుంది. ఇన్ని సెంటర్లలో ఇన్ని సర్వర్లకు ఒక్కొక్క చోటికీ మనిషి పోయి కూర్చోలేడు కాబట్టి అన్నిటికీ బెంగళూరులో ఒకే పాలసీ రాశారు. మీ ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు అన్నాడు. అదొక వరమిచ్చినట్టు అన్నాడు.

"డిస్కుల్లో పాత డేటా ఉన్నప్పుడు పొందిక తప్పితే?" అని అడిగాను.

"అట్లాంటి పరిస్థితి రాదు మేడమ్. ఏనూ ఆగల్ల" అన్నాడు. ఏమీ కాదు అని. మేనేజరు నా వైపు చూసిన చూపులో, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ముందు నోరు జారిన పెళ్ళికూతుర్ని చూసినంత చిరాకు ఉంది. ఇంకో నకలు విడిగా దాచుకోవడానికి టేపు మిషను కావాలని అడిగితే "రెండు చోట్ల రాస్తాండాదని ఇప్పుడే చెప్పె గదమ్మా" అని ఆయనే తేల్చేశాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

పోతూ పోతూ ఇంజినీరు అందరి ముందూ ఒక విద్య చూపించాడు. సర్వర్ నడుస్తుండగానే ఒక డిస్కు పిడి నొక్కి బయటికి లాగాడు. తెర మీద డిజైన్ చెక్కుచెదరలేదు. మళ్ళీ లోపలికి తోశాడు. పసుపు దీపం కాసేపు మిణుకుమిణుకుమని పచ్చబడింది. చప్పట్లు కొట్టారు. నాయన కళ్ళు చిన్నపిల్లవాడి కళ్ళలా అయిపోయాయి. "పెద్దాయనా, నువ్వూ తియ్యి" అని ఇంజినీరే ఆయన చెయ్యి పట్టుకుని పిడి మీద పెట్టాడు. నాయన లాగాడు, తోశాడు, పచ్చదీపం వెలిగింది. తర్వాత చాలా రోజులు టీ అంగట్లో ఆయనకు అదే కథ. "పేగులు తీసి పెట్టినా బతుకుతాదప్పా, తీసి పెడితే దానికదే సర్దుకుంటాది" అనేవాడు.

ఆ విద్య చూపించకుండా పోయి ఉంటే ఎంత బాగుండేదో. చూపించినవాడి పేరు నివేదికలో ఎక్కడా లేదు.

అప్పటికే నాయనకు చక్కెర జబ్బు కళ్ళకు ఎక్కింది. గళ్ళ కాగితం ముక్కుకు ఆనించుకున్నా పోగులు లెక్కకు అందేవి కావు. కంప్యూటర్ తెర మీద గడిని గోరంత పెద్దది చేసి చూపిస్తే మాత్రం పట్టుకునేవాడు. అలా ఆయన చెబుతుంటే నేను నింపుతూ, ఆఖరిగా ఒక అంచు వేశాం. చెనక్కాయ చెట్టు అంచు, అదే వేరుశనగ. పైన ఆకులు, పసుపు పువ్వు, కింద జరీ గీత మట్టి అన్నమాట. ఆ గీత కింద ఊడలు దిగి కాయలు కాసి ఉంటాయి. షావుకార్లు పగలబడి నవ్వారు. "పెండ్లికూతురు చెనక్కాయలు కట్టుకోని పీటల మీద కూర్చుంటాదా?" అన్నారు. ఏళ్ళ తరబడి వానల్లేక చెనక్కాయ చేలల్లో ఊడ దిగడమే మానేసిన జిల్లా మాది. నాయన ఎందుకు వేశాడో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కంబదూరు నుంచి చేను వదిలేసి వచ్చి మగ్గం నేర్చుకున్న కూలీ ఒకాయన సెంటరుకు వస్తుండేవాడు. ఆయన తెర ముందు నిలబడి ఆ అంచును చాలాసేపు చూశాడు. "ఇది మా చేనన్నా" అన్నాడు. షావుకారు కొన్నా కొనకపోయినా ఒక్క చీర నేసి ఇంటామెకు ఇస్తానన్నాడు. నాయన ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు, అంత సంతోషం. దసరా పోగానే అట్టలు కొట్టిద్దామనుకున్నాం.

ఆయుధ పూజ అంటే నేతవాళ్ళ ఇళ్ళల్లో మగ్గానికి ఒక బొట్టు పెట్టి ఊరుకోవడం కాదు. అడ్డపోగు మోసే నాడె తీస్తారు, పోగులను దగ్గరికి కొట్టే పన్నె తీస్తారు, ఊడదీయగలిగినవన్నీ ఊడదీసి తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, పట్టుగుడ్డ మీద వరసగా పేరుస్తారు. మరునాటి దాకా మగ్గం జోలికి పోరు. లోపలిది లోపలే ఉంచి పైన బొట్టు పెడితే పూజ చేసినట్టే కాదు. సెంటర్లో కూడా పూజ చేయాలని మేనేజరు నిర్ణయించి, పెద్దవాడు కాబట్టి నాయన చేతుల మీదుగా జరగాలన్నాడు. ముందురోజు సాయంత్రం సర్వర్‌ను పద్ధతిగా ఆపింది నేనే. పొద్దునకు నేను ముట్టు.

నేను సెంటరు దాకా పోయాను. ఇంట్లో ఎలాగూ వంటింట్లోకి రానివ్వరు, అక్కడ చెట్టు కింద కూర్చున్నా ఒకటే అనుకున్నాను. నాయన కొత్త పంచె కట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఒక అడుగు ముందుకొచ్చాడు. "నువ్వు లోపలికి రావద్దు తల్లీ, ఈడనే ఉండు" అన్నాడు. మెల్లగానే అన్నాడు. పక్కన మేనేజరు, టీ అంగడాయన, ఇంకా ఎవరెవరో ఉన్నారు, అందరికీ అర్థమైంది. నేను చెప్పులు విడవకుండా వేపచెట్టు కింద కూర్చున్నాను. ఆ గదిలోని పెట్టెను నేను రోజూ ఆన్ చేసి ఆపుతాను, దాని తెర మీద ఏ ఇంగ్లీషు మాట వచ్చినా చదివి అర్థం చేసుకునేది ఆ సెంటర్లో నేనొక్కదాన్నే. ఆ పొద్దు నేను ముడితే అది మైలపడుతుందట!

లోపల జరిగింది తర్వాత విన్నాను. మేనేజరు పెట్టె మీద బొట్టు పెట్టి చాలిద్దామన్నాడట. "నాడె తీయకుండా మగ్గానికి పూజ చేస్తారా యాడన్నా?" అన్నాడట నాయన. ఇంజినీరు నేర్పినట్టే పిడులు నొక్కి డిస్కులన్నీ బయటికి తీశాడు. మా ఊరి ఎర్రదుమ్ము ఏసీ గదిలోకీ వస్తుంది, వాటి మీదా పేరుకుని ఉంది. పంచె చెంగుతో తుడిచి, పట్టుగుడ్డ మీద పేర్చి, ఒక్కోదాని పిడికీ పసుపూ కుంకుమా పెట్టి, హారతిచ్చాడు. తన అంచులన్నీ వాటిల్లోనే ఉన్నాయని ఆయనకు తెలుసు. ఎంత ప్రేమగా తుడిచి ఉంటాడో నేను ఊహించుకోగలను. మిషన్లను మరునాటి దాకా ఆపి ఉంచాలన్నది నాయన మాట. కరెంటు ఉన్నప్పుడే ఆన్ చేసి చూద్దామన్నది మేనేజరు తొందర. డిస్కులు లోపలికి తోసి ఆయనే స్విచ్ వేశాడు.

వాటిలో ఒకటి చివరిదాకా పోయి కూర్చోలేదు. పక్కపక్కనున్నవి కొన్ని చోట్లు మారాయి. సర్వర్ లేచి తన డిస్కులను చూసుకుంది. రాసిచ్చిన పొందిక లేదు. అయితే ఇది కొత్త సర్వర్. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు జరజరా పాకాయట. నాయన, మేనేజరు చేతులు కట్టుకుని వాటిని చూశారట. వెనక పడిన డిస్కును ఎవరో ఇంకాస్త నొక్కాక దీపాలన్నీ పచ్చబడ్డాయి. "చూస్తిరా, సర్దుకునింది" అన్నాడట నాయన. నా చేతిలో ఎవరో బొరుగులూ బెల్లమూ పెట్టి పోయారు, దూరం నుంచే జారవిడిచి.

తలంటుకుని నేను మళ్ళీ సెంటరుకు పోయిన రోజు నాయన నాకంటే ముందే వచ్చి తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కంబదూరాయన కూడా వచ్చాడు. "చెనక్కాయది తియ్యమ్మా" అన్నాడు నాయన. తెరిచాను. సాఫ్ట్‌వేరే లేదు. డిజైన్ల అర లేదు. కొత్తగా కొన్న సర్వర్ ఎలా ఉంటుందో అలా ఉంది, నున్నగా. డిస్కుల పిడుల మీద కుంకుమ చూశాక అంతా అర్థమైపోయింది. నాయన ఇంకా తెర వైపే చూస్తున్నాడు, నేను ఆలస్యం చేస్తున్నాననుకుని. కంబదూరాయనే నా ముఖం చూసి, "మళ్ళొస్తాలే అన్నా" అని లేచి పోయాడు.

బెంగళూరు ఇంజినీరు వచ్చి చూసి పెదవి విరిచాడు. పాత కట్టడాన్ని చెరపడమే కాదు, డిస్కుల నిండా సున్నాలు రాసి మరీ తుడిచిందట. "ఎందుకు?" అన్నాను. "సెక్యూరిటీ మేడమ్. పాత డేటా ఇంకొకరి చేతికి పోకూడదని" అన్నాడు. ఎవరి చేతికీ పోలేదు, నిజమే! తర్వాత అతనే, "రెయిడ్ అంటే బ్యాకప్ కాదు మేడమ్, వేరే కాపీ ఉండాల్సింది" అని పాఠం చెప్పాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టుంది అని ముఖం మీదే అనేశాను. మేనేజరు నన్ను బయటికి పొమ్మన్నాడు. ఆ గదిలోంచి నన్ను బయటికి పంపడం వాళ్ళకు అలవాటైపోయింది.

నివేదికలో ఏముందో మొదట్లోనే చెప్పాను. దాని పైవాక్యం, "స్థానిక వ్యక్తి అనుమతి లేకుండా డిస్కులను తొలగించారు" అని. తను వద్దన్నా పెద్దాయన వినలేదని మేనేజరు చెప్పాడు. స్విచ్ వేసింది ఎవరో ఆయన చెప్పలేదు. నాయన అడ్డం చెప్పలేదు. చూపించిన చోట సంతకం పెట్టి, చేతుల కుర్చీని తనే గోడవారకు జరిపి ఇంటికొచ్చేశాడు. పుణ్యానికి పోతే పాపం ఎదురైంది అంటారు, ఆయన విషయంలో అది అక్షరాలా జరిగింది.

నేసిన డిజైన్లలో కొన్ని దొరికాయి. చుట్టాల పెట్టెల్లోని చీరలు అడిగి తెచ్చి భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టుకున్నాను. చాలా చీరలు అప్పటికే జరీ వెండి కోసం కాలి బూడిదయ్యాయి. మగ్గం ఎక్కనివాటికి ఆ దారి కూడా లేదు. చెనక్కాయ అంచును నాయన మళ్ళీ వేయాలని చూశాడు. ఊడలు గడి తప్పి జరీ గీతను దాటి పైకి పోయేవి. కొన్నాళ్ళకు ఎర్ర పెన్సిలు తీసుకెళ్ళి మా అమ్మకు ఇచ్చేశాడు. కంబదూరాయన హంస అంచు చీర నేసుకుని పోయాడని తెలిసింది.

అప్పటి నుంచీ నాయనకు ఒకటే మాట. "ఈ చేత్తోనే తీసినా" అనేవాడు. అన్నం ముందు కూర్చుని కూడా ఆ చెయ్యి చూసుకునేవాడు. నీ చెయ్యి తప్పు కాదు నాయనా, ఆ పాలసీది తప్పు అని నేను చెప్పని రోజు లేదు. "అంత పెద్ద కంపెనీ వాళ్ళు రాసింది తప్పయితాదా? నేను తీయకుంటే అది చెరిపిండేది కాదు గదా" అనేవాడు. ఆయన్ను అలా తినేస్తున్నది ఆ నివేదిక అని నా నమ్మకం. దాన్ని ఓడించాలని నా పంతం.

తర్వాత నాకు బెంగళూరులోనే ఉద్యోగం దొరికింది, సర్వర్లు పెట్టే పనే. రైలెక్కితే సగం పూట ప్రయాణం. అక్కడ ఒకరోజు సర్వర్లకు రెయిడ్ పాలసీలు పెట్టడం మాకు నేర్పిస్తుంటే, తెర మీద వరసగా ఉన్న గడుల్లో ఒకదాని దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. పాత డేటా కనబడితే చెరిపే ముందు అడగాలా, వద్దా అని ఉంది. టిక్కు పెడితే అడుగుతుంది. పెట్టకపోతే అడగదు. కంపెనీలు దాన్ని ఖాళీగా వదిలేస్తాయి. ఎందుకని నేర్పేవాణ్ణి అడిగాను. "అడిగితే అక్కడ మనిషి కావాలి కదండీ. మనిషి అక్కర్లేకుండా చేయడానికే కదా ఇదంతా" అన్నాడు. ఒక గడి. మా నాయన జన్మంతా నింపినవి గళ్ళే, వాళ్ళకు ఒక్కటి నింపడానికి చెయ్యి రాలేదు.

ఆ శనివారమే ఇంటికి పోయాను. నాయనకు అప్పటికి చూపు దాదాపు లేదు, వాకిట్లో మంచం మీద ఉన్నాడు. చెప్పులు కూడా విప్పకుండా చెప్పడం మొదలుపెట్టాను. ఆ గడి సంగతి, దాన్ని వాళ్ళు కావాలనే వదిలేసిన సంగతి, టిక్కు ఒకటి ఉండి ఉంటే ఆ పొద్దు అది చెరిపే ముందు ఆగి "చెరపమంటారా?" అని అడిగి ఉండేదన్న సంగతి. ఇక నీ చెయ్యి మాట ఎత్తొద్దన్నాను. గెలిచినట్టే ఉంది నాకు.

నాయన అంతా విన్నాడు. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"అడిగింటే ఎవరిని అడిగిండేదమ్మా?" అన్నాడు. "ఆడ ఇంగ్లీషు సదివేదానివి నువ్వొక్కదానివే. నిన్ను గడప బయట కూర్చోబెట్టింది నేనే గదా."

చెయ్యి తప్పు కాదని ఏళ్ళ తరబడి ఆయనతో వాదించినదాన్ని. ఈ మాటను మాత్రం నేను కాదనలేదు.